శబ్దం తీసేసి చూసిన రెండో రౌండు

మా మేనకోడలు ఫైనల్లో ఓడిపోయి వచ్చిన దగ్గర్నుంచీ నా కొట్లో పని సాగలేదు. బండి సీట్లకు తొడుగులు కుట్టడం నా పని. వీధి మొత్తానికి కూర్చోవడానికి చోటున్న కొట్టు నాదొక్కటే. కుట్టిన సీట్ల మీద కూర్చుని, కుట్టాల్సిన సీట్ల మీద కాళ్ళు చాపుకుని, వచ్చినవాడల్లా ఆ పిల్లకు అన్యాయం జరిగిందని తీర్పు చెప్పి పోయేవాడు. వీళ్ళలో సగంమందికి బాక్సింగ్‌కీ కుస్తీకీ తేడా తెలియదు. అన్యాయం అనడానికి అదేమీ తెలియనక్కర్లేదు కాబోలు.

ఆ మాట నాకు పాతది. ఏడో క్లాసులో చదువు మానేసి గ్లవ్స్ తొడుక్కున్నవాణ్ణి నేను. ఒకసారి ఫైనల్ దాకా వెళ్ళాను. రిఫరీ అవతలివాడి చెయ్యి పైకెత్తాడు. ఆ రోజు నుంచి బాక్సింగ్ జరిగే హాలు గుమ్మం తొక్కలేదు. మేనకోడలి ఫైనల్‌కి కూడా వెళ్ళలేదు. వీడియో చూడమని అందరూ ఫోన్లు మొహం మీద పెడుతున్నా చూడలేదు. చూస్తే నా కడుపు మంటకి ఇంకాస్త నూనె పోసుకోవడం తప్ప ఒరిగేదేముంది.

చూడకపోయినా లెక్క మాత్రం తెలుసు. మూడు రౌండ్లు, ఐదుగురు జడ్జీలు. ఏ రౌండుకి ఆ రౌండు విడిగా లెక్క. గెలిచినవాళ్ళకి పది, ఓడినవాళ్ళకి తొమ్మిది. ఇరగదీసి గెలిచినా పదే, ఈడ్చుకుంటూ గెలిచినా పదే. ఒక రౌండులో ఎక్కువ కొట్టానని ఆ మిగులు తీసుకెళ్ళి ఇంకో రౌండులో కలుపుకోవడం కుదరదు. మొదటి రౌండు మా పిల్లదేనని ఐదుగురూ ఒప్పుకున్నారు. మూడోది అవతలి పొడుగుపిల్లదని కూడా ఐదుగురూ ఒప్పుకున్నారు. తగాదా అంతా రెండో దాని మీదే. ముగ్గురు పొడుగుపిల్లకి ఇచ్చారు, ఇద్దరు మాకిచ్చారు. బంగారు పతకం ఆ పిల్ల మెళ్ళో పడింది.

మా బావకి ఆ రెండో రౌండు ప్రాణం మీదికి వచ్చింది. బావ అంటే మా అక్క మొగుడు, ఆ పిల్ల తండ్రి, ఆ పిల్లకి కోచ్ కూడా. పగలు బస్సు బాడీలు కట్టే వర్క్‌షాపులో వెల్డింగు చేస్తాడు, సాయంత్రం దాని వెనక షెడ్డులో పిల్లలకి బాక్సింగ్ నేర్పుతాడు. రెండో రౌండు అయ్యాక స్టూలు మీద కూర్చున్న కూతురితో, "మనం గెలిచేశాం, ఇక దూరంగా తిరుగు, దగ్గరకి వెళ్ళకు" అని చెప్పింది ఆయనే. ఆ పిల్ల మూడో రౌండంతా దూరంగానే తిరిగింది. రెండోది నిజంగా గెలిచి ఉంటే బావ చెప్పింది తెలివి. గెలవకపోతే పతకాన్ని చేతులారా అవతలివాళ్ళకి ఇప్పించింది బావే. అందుకే రెండో రౌండు గెలిచి తీరాలి ఆయనకి.

అసోసియేషన్‌కి అర్జీ పెడదామని పట్టుబట్టాడు. గడువు ఆఖరి రోజు సాయంత్రం ఐదులోపు అది అందాలి, ఆడిన మనిషి స్వయంగా సంతకం పెట్టాలి. ఇక్కడే చిక్కు. వచ్చే నెలలో దేశం జట్టుకి క్యాంపు. ఫైనల్ ఆడిన ఇద్దర్నీ పిలుస్తారు. అర్జీ పెట్టినవాళ్ళ పేరు ఏదో వంకతో జాబితాలోంచి జారిపోతుంది. ఇది ఏ రూల్సులోనూ రాసి ఉండదు, అందరికీ తెలుసు. సంతకం పెడితే పిల్లకి క్యాంపు పోతుంది. పెట్టకపోతే తండ్రి తలెత్తుకోలేడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం అందరూ నా కొట్లోనే చేరారు. పక్క కొట్టు బ్యాటరీ అతను తన ల్యాప్‌టాప్ తెచ్చి నా కుట్టు మిషను మీద పెట్టాడు. అక్క ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. బావ అర్జీ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పెళ్ళి కార్డు పంచడానికి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. మేనకోడలు ఆఖర్న వచ్చింది. చెంప మీద వాపు తగ్గి పసుపు రంగుకి తిరిగింది.

"సంతకం పెట్టమ్మా. నాలుగున్నరకి బయల్దేరితే ఐదు లోపల అందించొచ్చు" అన్నాడు బావ.

"మావయ్య చూశాడా?" అందది.

"వాడెందుకు? వాడి మ్యాచే ముప్ఫయ్యేళ్ళుగా నడుస్తోంది. ఇంకా బెల్లు కొట్టలేదు."

బ్యాటరీ అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

"అందుకే చూడాలి నాన్నా. మావయ్య ఇంతవరకూ ఒక్కళ్ళని మెచ్చుకోగా నేను చూళ్ళేదు. నా పుట్టినరోజుకి కేకు కోస్తుంటే కత్తి పట్టుకోవడం రాదన్నాడు."

"రాదుగా" అన్నాను.

"చూశావా. మావయ్య చూసి రెండో రౌండు నాదంటే పెడతాను సంతకం."

బావ మొహం కాస్త విప్పారింది. ఎందుకు విప్పారదు. జడ్జీలు దొంగలు అని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి నేను. నా నోటివెంట ఇంకో మాట వస్తుందని ఎవరనుకుంటారు. "సరే కానివ్వండి" అని ఆయన కూడా ఒక సీటు లాక్కుని కూర్చున్నాడు.

బ్యాటరీ అతను వీడియో పెట్టాడు. హాల్లో మా వాళ్ళ మధ్య కూర్చుని తనే తీసిన వీడియో. మొదటి రౌండు గురించి చెప్పేదేమీ లేదు, మా పిల్లదే. రెండోది మొదలైంది. హాలంతా ఒకటే గోల. మా పిల్ల ఎడమ చెయ్యి పక్కనుంచి తిప్పి కొట్టినప్పుడల్లా ఠప్పుమని చప్పుడు, ఆ వెంటనే జనం అరుపు. అందులో బ్యాటరీ అతని గొంతే అందరికంటే ముందు.

"విన్నారా? అదిగో మళ్ళీ. గోడకి వినిపించేలా కొట్టింది, జడ్జీలకి వినపడలేదట" అన్నాడు అతను.

"నీ అరుపులకి వాళ్ళ చెవులు మూసుకుపోయుంటాయి" అంది అక్క.

రౌండు అయిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ అది మా పిల్లదే అనిపించింది. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా వీళ్ళు మారలేదనుకున్నాను. పెట్టవే సంతకం అని నోటిదాకా వచ్చింది. అలా అనడం ఎంత సులువో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అన్యాయం అని ఆ ఒక్క మాట అనేస్తే ఇక ఏదీ నేర్చుకోనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

"ఇప్పుడు శబ్దం తీసేసి చూడు" అంది మేనకోడలు.

"అదేంటి?" అన్నాడు బావ.

"తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరూ పడుకున్నారు. శబ్దం లేకుండా చూశాను. మావయ్య కూడా అలా ఒకసారి చూడాలి."

బ్యాటరీ అతను మొహం ముడుచుకుని శబ్దం తీసేశాడు. అదే రౌండు మళ్ళీ నడిచింది. కొట్లో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. మా పిల్ల ఎడమ చెయ్యి తిప్పింది. పొడుగుపిల్ల తల కదల్లేదు. మళ్ళీ తిప్పింది. పొడుగుపిల్ల కన్ను కూడా ఆర్పకుండా ఒక అడుగు ముందుకి వేసి, కుడి చేత్తో నిటారుగా ఒకటి వేసింది. మా పిల్ల తల వెనక్కి వెళ్ళి వచ్చింది. శబ్దం ఉన్నప్పుడు ఆ దెబ్బ నేను చూడనే లేదు.

"ఇంకోసారి పెట్టు. ఎడమ చెయ్యి దగ్గర ఆపు" అన్నాను.

ఆపాడు. గ్లవ్‌కి పిడికిలి భాగం తెల్లగా ఉంటుంది. ఆ తెల్ల భాగం తగిలితేనే దెబ్బ కింద లెక్క. తెర మీద తెల్ల భాగం పైకప్పు వైపు చూస్తోంది. పొడుగుపిల్ల చెంపకి ఆనుకున్నది అరచేతి వైపు. ముందుకి జరిపించి మరో చోట ఆపించాను. అక్కడా అంతే. ఇంకో చోట ఆపించాను.

"ఎన్నిసార్లు ఆపిస్తావురా? ఐదయ్యేదాకానా?" అన్నాడు బావ.

"రెండో రౌండు పొడుగుపిల్లది" అన్నాను.

బ్యాటరీ అతను మెల్లగా తన ల్యాప్‌టాప్ మూత దించాడు, నేను దాన్నేదో చేస్తానన్నట్టు.

బావ లేచి నిలబడ్డాడు. "ఓహో. నీకు దక్కనిది నా కూతురికి మాత్రం ఎందుకు దక్కాలనా?"

"నాకు దక్కనిదానికీ దీనికీ సంబంధం లేదు. నీ కూతురు కొట్టింది గుద్దులు కాదు, చెంపదెబ్బలు. చప్పుడు వస్తుంది, అంతే."

"అంత చప్పుడు ఊరికే వస్తుందా?"

నా పక్కన కొత్తగా కుట్టిన సీటు ఒకటుంది. దాని మీద అరచేత్తో చరిచాను. ఠప్పుమని వీధిలోకి వినిపించింది. రోడ్డు మీద పోయే మనిషి తిరిగి చూశాడు. సీటుకి ఏమీ కాలేదు. తర్వాత పిడికిలి బిగించి గుద్దాను. చప్పుడు పెద్దగా లేదు, సీటు మాత్రం లోపలికి కుంగి, నెమ్మదిగా పైకి లేచింది.

"అరవడానికి మొదటిది బాగుంటుంది" అన్నాను.

"ఇంట్లో మీ బావ కోపం కూడా మొదటి రకమే" అంది అక్క.

"నువ్వూరుకో" అన్నాడు బావ. కానీ కళ్ళు సీటు మీదే ఉన్నాయి. "మరి ఇద్దరు జడ్జీలు మనకి ఇచ్చారు కదా. వాళ్ళు గుడ్డివాళ్ళా?"

"వాళ్ళూ చెవులతోనే చూశారు. మనలాగే."

"అర్జీ పెడితే వీడియో మళ్ళీ చూస్తారు. చూడనీ. అప్పుడు తేలుతుంది."

"చూస్తే నేను చూసిందే చూస్తారు బావా."

బావ కూతురి వైపు తిరిగాడు. "నేను నీకు అలా కొట్టడం నేర్పానా? చెప్పు. మణికట్టు తిప్పమని ఒక్కరోజైనా అన్నానా?"

"అనలేదు" అందది.

"మరి?"

ఆ పిల్ల చెప్పులు వేసుకుంది. "షెడ్డుకి రండి. బస్తా చూపిస్తాను."

పంచింగ్ బ్యాగ్‌ని మా ఇంట్లో అందరూ బస్తా అనే అంటారు. అది నిజంగానే బస్తాలాంటిది. ఏళ్ళ కిందట బావే మందపాటి గుడ్డ కుట్టించి, పాత బట్టలూ రంపపు పొట్టూ కూరి, దూలానికి రెండు గొలుసులతో బిగించాడు. మామూలుగా ఒక గొలుసు కడతారు, బస్తా తిరుగుతుంది. రెండు కట్టడంతో ఏ వైపు ఎటు ఉందో ఎప్పటికీ అటే ఉంటుంది. పైనుంచి ఒక వానాకాలం రేకు కారింది. తడిసిన బస్తాని ఎండబెట్టి మళ్ళీ వేలాడదీశాడు. ఒకసారి విప్పి మళ్ళీ కూరుతానని నేను అడిగితే, గట్టి బస్తా కొడితేనే చేతులు గట్టిపడతాయని నాకే పాఠం చెప్పాడు. నేను మళ్ళీ అడగలేదు. అడిగి మాట పడేంత మంచివాణ్ణి కాదు.

నలుగురం షెడ్డుకి నడిచాం. బ్యాటరీ అతను కొట్టుకి తాళం వేసి మరీ వెనకాలే వచ్చాడు. అప్పటికి నాలుగు దాటింది.

మేనకోడలు బస్తా ఎడమ వైపున భుజం ఎత్తులో చెయ్యి పెట్టింది. "ఇక్కడ నొక్కి చూడు నాన్నా."

బావ నొక్కాడు. నేనూ నొక్కాను. గుడ్డ కింద రంపపు పొట్టు తడిసి, ఆరి, గడ్డకట్టింది. కొబ్బరికాయంత గడ్డ. ఎడమ చెయ్యి పక్కనుంచి తిప్పి కొడితే సరిగ్గా పిడికిలి పడే చోటు అది.

"ఎప్పట్నుంచి ఉంది?" అన్నాడు బావ.

"నేను చేరినప్పట్నుంచీ ఉంది."

"చెప్పాలి కదా."

"మొదట్లో చెప్పాను. చేతులు గట్టిపడతాయన్నావు. తర్వాత నొప్పి పోయింది. గట్టిపడ్డాయి కాబోలనుకున్నాను."

బావ ఆ గడ్డని మళ్ళీ నొక్కి చూశాడు. నాకు అప్పుడు తట్టింది ఒకటి. ఆయన ఇన్నేళ్ళుగా ఈ బస్తా వెనకే నిలబడ్డాడు. పిల్లలు కొడుతుంటే కదలకుండా అవతలి నుంచి వాటేసుకుని పట్టుకోవడం కోచ్ పని. దెబ్బ బలం ఆయన ఛాతీకి తెలుస్తుంది, చప్పుడు చెవికి తెలుస్తుంది. చెయ్యి దేనికి తగులుతోందో మాత్రం తెలిసే దారి లేదు. మిగతా పిల్లలు రెండు నెలలు వచ్చి మానేసేవాళ్ళు. నిలిచి కొట్టింది ఈ పిల్ల ఒక్కతే.

"పక్కకి జరగండి" అన్నాడు.

చొక్కా చేతులు మడుచుకుని బస్తా ముందుకి వచ్చాడు. ఇటువైపు నిలబడిన బావని నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. పొట్ట వచ్చింది కానీ కాళ్ళు పెట్టడం మర్చిపోలేదు. ఎడమ చెయ్యి తిప్పి గుద్దాడు. మొహం చిట్లించాడు. పిడికిలి విదిలించుకుని మళ్ళీ గుద్దాడు. ఈసారి పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చాడు. మూడోసారి కొట్టాడు.

ఠప్పుమంది.

షెడ్డు రేకుల్లో ఆ చప్పుడు మోగింది. హాల్లో వినిపించిందే, అచ్చం అదే చప్పుడు. బావ చెయ్యి ఎక్కడ తగిలిందో అక్కడే ఆగిపోయింది. అరచెయ్యి బస్తాకి ఆనుకుని ఉంది, పిడికిలి పైకప్పు వైపు చూస్తోంది. ఆయన తిప్పలేదు, అదే తిరిగింది. మా ఎవ్వరి వైపూ చూడకుండా ఆయన తన చేతినే చూసుకున్నాడు.

"పాపం, నొప్పి పుడుతోందని పిల్ల చెబితే..." అనబోయింది అక్క. నేను మోచేత్తో పొడిచాను. ఊరుకుంది.

"మూడో రౌండులో నువ్వు దగ్గరకి వెళ్దామనుకున్నావు కదూ" అన్నాడు బావ, కూతుర్ని చూడకుండానే.

"అనుకున్నాను."

"నేనే ఆపాను."

"నాకూ గెలిచామనే అనిపించింది నాన్నా. నేను కూడా చప్పుడే విన్నాను."

వర్క్‌షాపులోంచి కటింగ్ మిషను కూత వస్తోంది. బావ వేళ్ళు విప్పి మూసి చూసుకున్నాడు. తర్వాత అర్జీ ఉన్న ప్లాస్టిక్ కవరు తీసి, కాగితాన్ని బయటికి లాగి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. చింపలేదు. ఆయన అంత నాటకం ఆడే మనిషి కాదు. ఖాళీ కవరు కూతురి చేతిలో పెట్టాడు.

"క్యాంపుకి కావలసిన కాయితాలు ఇందులో పెట్టుకో. వాన పడితే తడవవు" అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగి, "అలా దిష్టిబొమ్మలా నిలబడతావేం. నీ దబ్బనం, కత్తెర పట్టుకురా" అన్నాడు.

"ఇన్నాళ్ళకా?"

"తెస్తావా, ఇంకెవరినైనా పిలవనా?"

తెచ్చాను. బస్తా దించి కుట్లు విప్పాం. ఆ గడ్డని బావ స్వయంగా బయటికి తీశాడు, కింద పడేస్తే పగలకుండా దొర్లింది. మిగతా పొట్టు కూడా పారబోసి, నా కొట్లో మిగిలిన ఫోము ముక్కలూ, రెక్సిన్ పేలికలూ, అక్క ఆసుపత్రి నుంచి తెచ్చిన చిరిగిన దుప్పట్లూ కలిపి కూరాం. నేను కుడుతుంటే మేనకోడలు గుడ్డని బిగించి పట్టుకుంది. బ్యాటరీ అతను సలహాలు పట్టుకున్నాడు. కుట్టడం అయ్యేసరికి ఐదు ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ గడియారం గురించి మాట్లాడలేదు. బావ మాత్రం జేబు ఒకసారి తడుముకున్నాడు.

ఈసారి ఒక్క గొలుసుకే వేలాడదీశాం. మేనకోడలు చేతులకి గుడ్డ చుట్టుకుని ఎడమ చేత్తో మెల్లగా మొదలెట్టింది. నాలుగైదు దెబ్బలు పాత అలవాటు కొద్దీ మణికట్టు తిరిగిపోయింది. తనే ఆపి, తిట్టుకుని, మళ్ళీ కొట్టింది. బావ ఈసారి వెనక్కి వెళ్ళలేదు, పక్కన నిలబడి చెయ్యి తగిలే చోటుకేసి చూస్తున్నాడు. ఒక దెబ్బ మాత్రం సరిగ్గా పడింది. బస్తా లోపలికి కుంగి అవతలికి ఊగింది.

"చప్పుడే రావట్లేదండీ" అన్నాడు బ్యాటరీ అతను దిగులుగా.

మేనకోడలు మళ్ళీ చెయ్యి ఎత్తింది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క నా పక్కన నడిచింది. "ఒరేయ్ తమ్ముడూ, నీ మ్యాచ్ కూడా అలా శబ్దం తీసేసి చూస్తే..."

"నా రోజుల్లో వీడియోలు లేవు" అన్నాను.

"లేకపోతే మానె. నీకైనా గుర్తుంటుందిగా."

"నాకు జరిగింది అన్యాయమేనే అక్కా. అది వేరు, ఇది వేరు."

"సరేలే" అంది. మేనకోడలి గొంతు కూడా అచ్చం అలాగే ఉంటుంది సరేలే అన్నప్పుడు. నేను కొట్టు తెరిచి, వాళ్ళంతా కూర్చుని నలిపేసిన సీట్లు వరసగా సర్దుకున్నాను. పని చాలా పేరుకుపోయింది.